నెంబరు మారిందా? బీమా సంస్థకు చెప్పండి

పాలసీ మధ్యలో కారు వివరాలు మారితే కట్టాల్సిన రుసుము కొద్దిపాటిదే. కట్టకుండా ఊరుకుంటేనే అసలు ఖర్చు.

నెంబరు ప్లేట్లు మారడం జంషెడ్‌పూర్‌కు కొత్త కాదు. 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడేదాకా ఇక్కడి కార్ల మీద కనిపించింది బీహార్ సంకేతం బీఆర్-16. ఆ తర్వాత వచ్చింది జేహెచ్-05. ఉక్కు కర్మాగారంలో కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కదమా, బిష్టుపూర్, సాక్చీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైతే ఈ మార్పు ఇంకోసారి కూడా ఎదురవుతుంది. ఉద్యోగ విరమణ చేసి పిల్లల దగ్గరికి హైదరాబాద్‌కో విశాఖకో చేరినప్పుడు కారు కూడా వెంట వెళ్తుంది. కొత్త రాష్ట్రంలో దానికి కొత్త నెంబరు వస్తుంది. రవాణా కార్యాలయం చుట్టూ ఓపిగ్గా తిరిగే యజమాని, బీరువాలో ఉన్న బీమా పాలసీ సంగతి మాత్రం మరిచిపోతాడు.

పాలసీ కాలం ముగియకముందే అందులోని వివరాలను మార్చడాన్ని బీమా భాషలో ఎండార్స్‌మెంట్ అంటారు. ఇవి రెండు రకాలు. చిరునామా, నెంబరు వంటివి సరిదిద్దితే సాధారణంగా ప్రీమియం మారదు. గ్యాస్ కిట్ బిగించడం లాంటి మార్పులు ముప్పు అంచనానే మార్చేస్తాయి కాబట్టి అదనపు ప్రీమియం కట్టాలి. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో పాలసీని మరొకరి పేరిట మార్చడానికి రుసుము 50 రూపాయలే. 2007 జనవరి 1 నుంచి సొంత నష్టం (ఓన్ డ్యామేజ్) ప్రీమియంపై నియంత్రణ తొలగిపోయింది. ఇప్పుడు రేట్లు కంపెనీని బట్టి మారుతున్నాయి. కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడే ఈ రుసుముల సంగతి అడిగి తెలుసుకోవాలి.

మోజు తెచ్చే చిక్కు

బ్రిటన్‌లో నచ్చిన అక్షరాల నెంబరు కొనుక్కుని, ఉన్న కారుకే తగిలించుకోవచ్చు. అందుకు ప్రభుత్వానికి 80 పౌండ్లు కట్టాలి. పాలసీలో నెంబరు మార్చినందుకు బీమా సంస్థ విడిగా వడ్డించవచ్చు. మన దగ్గర ఫ్యాన్సీ నెంబరు మోజు ఎక్కువగా కొత్త కారు రిజిస్ట్రేషన్ సమయంలోనే తీరుతుంది. ఆ మోజు ఖరీదు తక్కువేం కాదు. 2024 మేలో హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 9999 నెంబరు ఒక్కటే 25.5 లక్షల రూపాయలు పలికింది.

అయితే షోరూంలో కారు చేతికొచ్చేనాటికి శాశ్వత నెంబరు రాకపోతే, ఇంజన్, ఛాసిస్ నెంబర్ల ఆధారంగానే పాలసీ రాస్తారు. రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాల్సిన గడిలో ‘న్యూ’ అని ఉంటుంది. శాశ్వత నెంబరు వచ్చాక దాన్ని పాలసీలో ఎక్కించుకోవాలి. ఎక్కించకపోయినంత మాత్రాన కారు గుర్తింపు పోదు కానీ, ప్రమాదం జరిగినప్పుడు ఆ కారు ఇదేనని నిరూపించుకునే శ్రమ యజమాని నెత్తిన పడుతుంది.

నచ్చిన నెంబరు కోసం ఎదురు చూస్తూ తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటబెట్టడం మరీ ప్రమాదం. రాజస్థాన్‌లో 2011లో ఓ కొత్త బొలెరో చోరీకి గురైంది. అప్పటికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగిసి పది రోజులైనా కాలేదు. బీమా ఉన్నా, రిజిస్ట్రేషన్ లేకుండా వాహనాన్ని వాడడం పాలసీ షరతుల ఉల్లంఘనేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. యజమానికి పైసా దక్కలేదు.

ఊరు మారితే

మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నెంబరు తీసుకోవాలి. దానికి ముందు జంషెడ్‌పూర్ జిల్లా రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. రిజిస్ట్రేషన్ ఊరిని బట్టి టారిఫ్‌లో రెండు జోన్లున్నాయి. హైదరాబాద్ సహా ఎనిమిది మహానగరాలు ఏ జోన్. జంషెడ్‌పూర్, విశాఖపట్నం బీ జోన్. 2002 టారిఫ్‌లో అయిదేళ్లలోపు, 1,000 సీసీ మించని కారుకు బీ జోన్‌లో రేటు 3.039 శాతం, ఏ జోన్‌లో 3.127 శాతం. అంటే 5 లక్షల రూపాయల విలువైన కారుకు ఏడాదికి తేడా 440 రూపాయలు. దీనికోసం పాత చిరునామానే కొనసాగించడం తెలివైన పని కాదు.

తరచూ బదిలీ అయ్యేవారి కోసం కేంద్రం 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చింది. ప్రభుత్వోద్యోగులతోపాటు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల సిబ్బంది కూడా దీనికి అర్హులే. పెద్ద కంపెనీల ఊరైన జంషెడ్‌పూర్‌లో ఇది చాలామందికి పనికొచ్చేదే. 2022 డిసెంబరు నుంచి పాత నెంబరు ఉన్న వాహనాలనూ ఇందులోకి మార్చుకునే వీలు కల్పించారు. అలా మార్చుకుంటే బీమాలోనూ నెంబరు మారాలి. ఇక్కడో మెలిక ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ తర్వాతి ఏడాది నుంచి సొంత నష్టం పాలసీని విడిగా వేరే కంపెనీలో తీసుకునే వీలొచ్చింది. అలా తీసుకున్నవారు రెండు చోట్లా మార్పు చేయించుకోవాలి.

అమ్మేశాక అంటుకునేది

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది అమ్మకం. కారు చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ చట్టం ప్రకారం కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క. పత్రాల్లో పేరు మార్పుకు 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. కానీ కారుకు జరిగే సొంత నష్టానికి ఈ సౌకర్యం లేదని సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టం చేసింది. పేరు మార్చుకోకుండా నడుపుతూ కారు నుజ్జయితే కొత్త యజమాని క్లెయిమ్ నిలవదు.

అమ్మినవారూ ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా, పేరు మారనంత వరకు ప్రమాద బాధితులకు పరిహారం బాధ్యత మొదటివారి మెడకే చుట్టుకుంటుంది. ఊరు వదిలి వెళ్తూ తొందరలో సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేసేవారు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, యజమానిది. సొంత నష్టం ప్రీమియం 12,000 రూపాయలై, దానిపై 50 శాతం బోనస్ పొందిన కారును ఆరు నెలలకు అమ్మారనుకుందాం. మిగిలిన ఆరు నెలలకు కొన్నవారు 3,000 రూపాయలు కట్టాలి. అమ్మినవారు ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోగా మరో కారుకు ఆ బోనస్ వాడుకోవచ్చు.

గ్యాస్ కిట్ విషయంలోనూ దాపరికం పనికిరాదు. టారిఫ్ ప్రకారం కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీ కింద 60 రూపాయలు ఏడాదికి అదనం. 50,000 రూపాయల కిట్‌కు మొత్తం 2,060 రూపాయలు. ఆర్సీలో, పాలసీలో నమోదు కాని కిట్టున్న కారు కాలిపోతే క్లెయిమ్‌కు పెద్ద అడ్డంకి అదే అవుతుంది.

చేయవలసింది కష్టమేమీ కాదు. కొత్త ఆర్సీ నకలుతో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు ఉంచుకుని, ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చాక ఇంజన్, ఛాసిస్ నెంబర్లతో సహా సరిచూసుకోవాలి. ఏజెంటుకు ఫోన్‌లో చెప్పామన్న మాట క్లెయిమ్ నాడు సాక్ష్యం కాదు. కంపెనీ స్పందించకపోతే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది. అక్కడా తేలకపోతే జార్ఖండ్ వాసులు పాట్నాలోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు.

నెంబరులోని అంకెలు కూడితే తొమ్మిది వస్తుందో లేదో చూసుకునేవారు మన దగ్గర తక్కువేం కాదు. ఆ నెంబరు పాలసీలో ఉందో లేదో కూడా ఓసారి చూసుకుంటే, అదృష్టం మీద అంతగా ఆధారపడాల్సిన అవసరం రాదు.