తాళంచెవి దొరికినా కదలని కారు

సిడ్నీ నగరానికి వాయవ్యాన ఉన్న రౌస్ హిల్‌లో ఏ వీధి చూసినా రెండు కార్లు పట్టే గ్యారేజీలే. వాటిలో కారు తప్ప అన్నీ ఉంటాయి: అట్టపెట్టెలు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, బియ్యం బస్తాలు. కార్లు బయట డ్రైవ్‌వేలో ఉంటాయి. వాటి తాళాలు వీధి తలుపు పక్కన చిన్న బల్ల మీద ఉంటాయి. మన తెలుగు ఇళ్ళూ ఇందుకు మినహాయింపు కాదు.

ఆస్ట్రేలియాలో కొత్త మోడల్ కార్లు ఎక్కువగా పోయేది ఆ బల్ల మీది తాళంతోనే. వాహన చోరీలను తగ్గించడానికి ఏర్పడిన జాతీయ మండలి ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చిన లెక్క ఇది: పోయిన కొత్త కార్లలో పదింటికి ఏడు యజమాని తాళంచెవితోనే కదిలాయి. కారు కంప్యూటర్ ఎంత తెలివైనదైనా, అసలు తాళంచెవి చేతికి దొరికిన దొంగ దాని దృష్టిలో యజమానే.

నిజానికి ఆ కంప్యూటర్ తన పని బాగానే చేసింది. తాళంచెవి తలలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఒకటుంటుంది. స్టీరింగ్ దగ్గరి తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే అది కరెంటు పుచ్చుకుంటుంది. ఇంజిన్ కంప్యూటర్ ఒక సంఖ్య పంపుతుంది. చిప్ తన రహస్య సంకేతంతో లెక్కకట్టి జవాబు చెబుతుంది. జవాబు తప్పితే ఇంజిన్ అంటుకోదు. ఇదే ఇమ్మొబిలైజర్. 2001 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేశారు. ఆ ఏడాది దేశంలో 1,40,000 దాకా వాహనాలు పోయాయి. దశాబ్దం తిరిగేసరికి ఆ సంఖ్య సగం కంటే తక్కువకు పడిపోయింది. ఇలాంటి చట్టం లేని అమెరికాలో ఏమైందో చూడండి. అక్కడ 2015 మోడళ్ళలో మిగతా కంపెనీల కార్లకు 96 శాతం ఇమ్మొబిలైజర్ ఉంటే, హ్యుందయ్, కియా కార్లకు 26 శాతమే ఉంది. ఫోన్ ఛార్జింగ్ వైరు కొసతో ఆ కార్లను ఎలా తిప్పవచ్చో కుర్రాళ్ళు వీడియోలు తీసి మరీ పంచుకున్నారు.

చిప్ వచ్చాక దొంగలు దాన్ని పగలగొట్టడం కంటే పక్కదారి పట్టడమే సులువని తెలుసుకున్నారు. జేబులో కీ ఉంటే చాలు, తలుపు తెరుచుకునే కార్లను 2011లో జ్యూరిక్ పరిశోధకులు పరీక్షించారు. ఎనిమిది కంపెనీల పది మోడళ్ళు, పదీ లొంగిపోయాయి. పక్కగదిలో ఉన్న మనిషి గొంతును ఫోన్‌లో వినిపించినట్టు, కారు పంపే సంకేతాన్ని రెండు యాంటెన్నాలతో ఇంట్లోని కీ దాకా మోశారు, అంతే. రహస్య సంకేతం తెలియాల్సిన పనే లేకపోయింది.

ఇంకో దారి మరీ విచిత్రమైనది. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన టొయోటా రావ్4 పోయింది. అంతకుముందే ఎవరో హెడ్‌లైట్ దగ్గర బంపర్‌ను పీకి వైర్లు లాగారు. దొంగల దురదృష్టం, టేబర్ కార్ల ఎలక్ట్రానిక్స్ భద్రత మీద పనిచేసే మనిషి. కూపీ లాగితే బ్లూటూత్ స్పీకర్ డొప్పలో దాచిన పరికరం బయటపడింది. కారులోని కంప్యూటర్లన్నీ క్యాన్ అనే ఉమ్మడి తీగ మీద మాట్లాడుకుంటాయి. 1986లో బాష్ కంపెనీ దాన్ని లోకానికి చూపినప్పుడు ఎవరూ దొంగ గురించి ఆలోచించలేదు. ఆ తీగ మీద వచ్చిన మాటను అన్నీ నమ్ముతాయి, ఎవరు పలికారని అడగవు. హెడ్‌లైట్ తీగలోంచి ‘తాళం సరైనదే’ అన్న మాట లోపలికి పంపితే చాలు.

ఒక తీగను తెంచి బండిని కదలనివ్వని, యజమానికి మాత్రమే తెలిసేలా దాచిపెట్టిన స్విచ్‌కు మళ్ళీ గిరాకీ రావడానికి ఇదీ కారణం. ఆలోచన పాతదే. స్విచ్‌ల పలక ఒకటి పెట్టి, సరైన వరసలో నొక్కకపోతే ఇంజిన్‌కు బదులు హారన్ మోగే ఏర్పాటుకు అమెరికాలో 1919లోనే పేటెంట్ ఇచ్చారు. అయితే ఏ తీగను తెంచాలన్నది పెద్ద ప్రశ్న.

స్టార్టర్ మోటారు ఇంజిన్‌ను తిప్పేటప్పుడు 100 నుంచి 200 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వేలెడంత స్విచ్ అంత కరెంటును మోయలేక కాలిపోతుంది. అందుకని ఆ లావు తీగను ముట్టుకోరు. దాన్ని నడిపించేది ఒక రిలే. చిన్న నల్లటి డబ్బా, దాని కాళ్ళ పక్కన అంకెలుంటాయి. 30, 87 మధ్య స్టార్టర్‌ను మేల్కొలిపే కరెంటు పారుతుంది. 85, 86 మధ్య ఉన్న కాయిల్‌కు ఆంపియర్‌లో ఐదో వంతు కూడా అక్కర్లేదు. దాచే స్విచ్ ఈ కాయిల్ తీగలోకి వెళ్తుంది. కాయిల్‌కు కరెంటు అందకపోతే రిలే కలవదు, తాళం తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు.

కొందరు ఫ్యూయల్ పంపు తీగను తెంచమంటారు. గొట్టంలో మిగిలిన ఒత్తిడితో ఇంజిన్ కొన్ని సెకన్లు నడిచి వీధి మలుపులో ఆగిపోతుంది, కారు పాడైందనుకుని దొంగ పారిపోతాడు. వినడానికి బాగుంది. కానీ రౌస్ హిల్ మీదుగా పోయే విండ్సర్ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ స్విచ్ కనెక్షన్ వదులైతే? ఇంజిన్ ఆగుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేక్ కూడా రాయిలా మారుతుంది. స్టార్టర్ తీగకు ఆ గండం లేదు. బండి ఒకసారి నడిచాక స్టార్టర్‌తో పని ఉండదు కాబట్టి, స్విచ్ పాడైనా నడిరోడ్డు మీద ప్రమాదం రాదు. నా ఓటు దీనికే. గేర్ల బండిని తోసి స్టార్ట్ చేయవచ్చు కదా అంటే, నిజమే. కానీ ఆస్ట్రేలియాలో ఇప్పుడు కొత్త గేర్ల బండి దొరకడమే అరుదు.

అసలు ‘దాచడం’ కూడా ఒక భద్రతేనా? 1883లో కెర్కాఫ్స్ అనే భాషావేత్త సైనిక సంకేతాలకు ఒక సూత్రం పెట్టాడు: యంత్రం శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, తాళం ఒక్కటే రహస్యంగా ఉండాలి. నిపుణులు నేటికీ దాన్నే నమ్ముతారు, దాచి ఉంచితే చాలనుకునేవాళ్ళను చూసి నవ్వుతారు. కానీ ఇక్కడ స్విచ్ ఉన్న చోటే తాళం. దొంగ పరికరం ఒక మోడల్‌లోని లక్ష కార్ల మీద పనిచేస్తుంది, ఎందుకంటే ఫ్యాక్టరీ ఆ లక్షనూ ఒక్కలా చేసింది. మీ స్విచ్ ఒక్క కారులోనే ఉంది. ఒకే మెకానిక్ అందరికీ స్టీరింగ్ కిందే బిగిస్తే ఆ లాభం పోతుంది. కొత్త స్విచ్ ఫొటోను అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే.

చాలా హైబ్రిడ్లకు ఈ స్టార్టర్ తీగ స్విచ్ కుదరదు. టొయోటా హైబ్రిడ్లలో విడిగా స్టార్టర్ మోటారే ఉండదు. వాటికీ, విద్యుత్ కార్లకూ క్యాన్ తీగ మీదే కాపలా కాసే పరికరాలొచ్చాయి. స్టీరింగ్ మీది బటన్లను మీరు పెట్టుకున్న వరసలో నొక్కితే గాని బండి కదలదు. నారింజ రంగు తీగల్లో వందల వోల్టులుంటాయి, పసుపు తీగలు ఎయిర్‌బ్యాగులవి. ఈ రెండు రంగుల జోలికి సొంతంగా ఎవరూ వెళ్ళకూడదు. ఏ బండైనా, బిగించాక ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. వారంటీ షరతులు ముందే చదవాలి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు స్విచ్ కలిపి ఉంచాలి, లేకపోతే మెకానిక్ లేని జబ్బును వెతుకుతూ మీకు బిల్లు వేస్తాడు.

టో ట్రక్ మీద ఎత్తుకెళ్ళే దొంగను ఏ స్విచ్చూ ఆపలేదు. దొంగ ఎదురుపడి బెదిరిస్తే తాళంతో పాటు స్విచ్ ఎక్కడుందో కూడా చెప్పేయండి. కారుకు ఇన్సూరెన్స్ ఉంది.