తాళం గట్టిదే, గొళ్ళెం సంగతేమిటి?

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంటుంది. గొళ్ళెం మాత్రం ఊడి వేలాడుతుంటుంది. దొంగ తాళంతో కుస్తీ పట్టడు. ఇనుప రాడ్డు దూర్చి చెక్కలోని మరలనే పెకలిస్తాడు.

అందుకే ఏడు లివర్ల తాళానికి డబ్బు పోసేముందు గొళ్ళేన్ని చూడాలి. పొట్టి మరలు తీయించి, తలుపుకు ఆ వైపు దాకా వెళ్ళే బోల్టులు వేసి లోపల నట్లు బిగిస్తే అంత తేలిగ్గా ఊడదు. తలుపులోనే ఇమిడే తాళం ఇంకా మేలు. బయట వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెబుతుంది. అయితే తలుపులో ఇమిడే తాళం గడియ దూరేచోట ద్వారబంధానికి మందపాటి ఇనుప పట్టీ, లోతుగా దిగే పొడవాటి మరలు ఉండాలి. లేదంటే ఎంత ఖరీదైన తాళమైనా ఒక్క తన్నుకు చెక్క చీలిపోతుంది.

మరి పెరటి తలుపు? వీధివైపు టేకు, వెనక పల్చటి ప్లైవుడ్ పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో. దొంగ చూసేది ఆ వెనక తలుపునే.

ఆంధ్రప్రదేశ్‌లో ఊరెళ్ళేవారి కోసం పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఉచిత సేవ తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుంటే ఇంట్లో కెమెరా అమరుస్తారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. కెమెరా దొంగను పట్టిస్తుంది, తలుపు అసలు లోపలికే రానివ్వదు. పండగకు టికెట్టు కొన్న రోజే వడ్రంగికీ కబురు పెట్టండి.