గట్టి నియమం, మెత్తని నియమం

పిల్లలూ! మీలో బొబ్బిలి వారుంటే, "తాతా, నువ్వు బడికి వెళ్ళేటప్పుడు మనది ఏ జిల్లా?" అని తాతగారిని అడగండి. శ్రీకాకుళం జిల్లా అంటారాయన. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే, బొబ్బిలి అందులోకి వచ్చింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేశారు. అప్పుడు పెట్టుకున్న నియమం చాలా సులువు: లోక్‌సభ స్థానానికొక జిల్లా. స్థానాలు 25 కదా, మరి జిల్లాలు 26 ఎలా అయ్యాయి? అరకు స్థానం పార్వతీపురం నుంచి గోదావరి వైపు రంపచోడవరం దాకా కొండల్లో వ్యాపించి ఉంది. అంతటికీ ఒకే కలెక్టరు కచేరీ అయితే, అర్జీ పట్టుకొని వచ్చే ముసలమ్మ గతేమిటి? దాన్ని పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు అని రెండు జిల్లాలు చేశారు. ఇంకో చిత్రం చూడండి. బొబ్బిలి, ఎచ్చెర్ల రెండూ విజయనగరం లోక్‌సభ స్థానంలోవే. బొబ్బిలి విజయనగరం జిల్లాలో ఉండిపోయింది. ఎచ్చెర్ల శ్రీకాకుళం పట్నానికి పక్కనే; దాన్ని శ్రీకాకుళం జిల్లాలోనే ఉంచారు. శృంగవరపుకోటది విశాఖపట్నం లోక్‌సభ స్థానమైనా, దాన్ని విజయనగరం జిల్లాలో ఉంచారు.

ఒకే ఊరు రెండు జిల్లాల్లో ఉండరాదు. ఇది గట్టి నియమం. "స్థానానికొక జిల్లా" అన్నది మెత్తనిది, అవసరమైతే వంగుతుంది. కంప్యూటరుకు ఈ తేడా మనమే చెప్పాలి. అన్నీ గట్టివే అని చెబితే అది "జవాబు లేదు" అని ఊరుకుంటుంది! నియమాలన్నీ తీరనప్పుడు వీలైనన్ని తీర్చే జవాబును ఎలా వెతకాలో 1992లో ఫ్రాయ్‌డర్, వాలెస్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు.

ఇంకో చిక్కుంది. "కచేరీ దగ్గరగా ఉండాలి" అంటే ఎంత దగ్గర? 30 కిలోమీటర్లు దగ్గరా, 31 అయితే దూరమా? 1965లో అమెరికాలో లోట్ఫీ జాడే అనే ఆచార్యుడు ఉపాయం చెప్పాడు. అవుననీ, కాదనీ తేల్చకుండా, సున్నాకూ ఒకటికీ మధ్య ఎంతో కొంత మార్కు వెయ్యాలి. మనం పదికి వేద్దాం.

మూడు ఊళ్ళున్నాయనుకోండి. కచేరీ ఒకచోట పెడితే వాటికి 9, 9, 2 మార్కులు. మరోచోట పెడితే 6, 6, 6. కూడితే మొదటిది 20, రెండోది 18. మొదటిదే గెలిచింది! కాని అన్నిటికన్నా తక్కువ మార్కు వచ్చిన ఊరిని చూస్తే, 2 కన్నా 6 మేలు కదూ? 1970లో బెల్‌మన్, జాడే కలిసి రాసిన వ్యాసంలో ఇలా తక్కువ మార్కును చూసే పద్ధతి ఉంది. నన్నడిగితే, బడి టైంటేబులుకు కూడిక చాలు. ఒక తరగతికి ఆఖరి పీరియడులో లెక్కలు వస్తే కొంప మునగదు. (ఆ తరగతి వాళ్ళు ఒప్పుకోరనుకోండి!) బస్సు రాని ఊరి సంగతి అలా కాదు. దానికి రెండో పద్ధతే కావాలి.

మీ మండలం పటం తీసి, ఆసుపత్రి ఎక్కడ పెడితే బాగుంటుందో రెండు విధాలా లెక్క కట్టండి. 2 మార్కులు ఏ ఊరికి వచ్చాయో అమ్మానాన్నలకు చూపించండి.