తలగడ కింది పుస్తకం

పదహారేళ్ల మా అమ్మాయి తలగడ కింద ఒక ఇంగ్లీషు నవల దొరికింది. ఆంగ్ల సాహిత్యంలో పట్టం పుచ్చుకొని, అనువాదాలతో కాలం గడుపుతున్న నాకు కుర్రకారు ప్రేమకథలంటే చులకన.

"షేక్‌స్పియర్ చదవవలసిన వయసులో ఇవేమిటి?" అన్నాను.

"ఆ పేరు షేక్‌స్పియర్‌దే కదమ్మా!" అంది.

నిజమే! 2012లో జాన్ గ్రీన్ ప్రచురించిన 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' పేరు, 'జూలియస్ సీజర్' నాటకంలో బ్రూటస్‌తో కాసియస్ పలికిన మాటలలో నుంచి పుట్టింది. సిగ్గుపడి ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. తరువాత ఆ కోవకు చెందిన నవలలు మరికొన్ని చదివాను.

ఈ సాహిత్యం నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో మారీన్ డేలీ 'సెవెన్‌టీన్త్ సమ్మర్' 1942 నాటిది. 1967లో 'ది అవుట్‌సైడర్స్' వెలువడేనాటికి రచయిత్రి హింటన్ వయసు పద్దెనిమిదేళ్లే. ప్రేమించుకున్న ఇద్దరు మంచి పిల్లలలో ఎవరూ చనిపోనవసరం లేని కథ కావాలని కుమార్తె కోరగా, జూడీ బ్లూమ్ 1975లో 'ఫరెవర్' రాశారు. తొలిప్రేమ ముగిసినంత మాత్రాన జీవితం ముగిసిపోదని చెప్పిన ఆ నవలను గ్రంథాలయాల నుంచి తొలగించాలని ఎందరో పెద్దలు పట్టుబట్టారు.

ఈ నవలలలో లోపాలు లేవని నేననను. ఒక్క మాటతో తీరిపోయే అపార్థాన్ని రెండు వందల పుటలు సాగదీస్తారు. అసూయనూ, అదిలింపునూ అనురాగానికి కొలమానాలుగా చూపుతారు. పదిహేడేళ్ల పిల్లలు తత్త్వవేత్తలలాగా మాట్లాడతారు. గ్రీన్ కూడా ఈ దోషానికి అతీతుడు కాడు. రోగాన్ని కన్నీటికి ఎరగా వాడే రచనలూ లేకపోలేదు.

కాని పిల్లల ఆసుపత్రిలో కొన్నాళ్లు సేవచేసిన గ్రీన్‌కు రోగమంటే అలంకారం కాదు. క్యాన్సర్‌తో, ప్రాణవాయువు సిలిండరును వెంట లాక్కొని తిరిగే హేజెల్‌కు తన చావుకన్న, ఆ తరువాత తల్లిదండ్రులకు ఏమీ మిగలదన్నదే పెద్ద బెంగ. తల్లి తనకు తెలియకుండా రహస్యంగా చదువు సాగిస్తున్నదని తెలిసినప్పుడు ఆమె నొచ్చుకోదు, సంబరపడుతుంది. అక్కడ నా కళ్లు చెమర్చాయి. 2020లో 'దిల్ బేచారా' పేరుతో ఈ కథ హిందీ చిత్రమై జంషెడ్‌పూర్‌కు చేరిందంటే ఆశ్చర్యమేముంది?

సరదాకు ఆ నవలలో నాలుగు పుటలు తెనిగించాను. చేయి అలవాటు కొద్దీ ఆగస్టస్ చేత హేజెల్‌ను 'నువ్వు' అనిపించి, ఆమె చేత అతన్ని 'మీరు' అనిపించాను. అమ్మాయి చదివి, "హేజెల్ అతని దగ్గర ఉద్యోగం చేస్తోందా అమ్మా?" అని అడిగింది.

కలం ఆగిపోయింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే సంబోధన. మన భాషలో అనువాదకుడు ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణాన ఆ జంటలో ఎవరు ఎక్కువో తేల్చివేస్తాడు. నా పదహారో ఏట యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని చదివాను. అమ్మ చూసి లాక్కుంది. ఆ నవలలు నాకు కలలు కనడం నేర్పాయి. ఆ కలలలో నేను ఎప్పుడూ కథానాయకుణ్ణి తలెత్తి చూసేదాన్నే. మా అమ్మాయి తరం చదివే మంచి నవలలలో ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు సూటిగా చూసుకుంటున్నారు. పుస్తకాన్ని లాక్కునే పెద్దలకు ఈ భేదం ఎన్నటికీ తెలియదు. పక్కన కూర్చొని చదివేవారికే తెలుస్తుంది.

నాలుగు పుటలలోనూ 'మీరు' కొట్టివేసి 'నువ్వు' అని దిద్దాను. పుస్తకం ఇప్పుడు తలగడ కింద లేదు. మా ఇద్దరి కళ్లద్దాల పక్కన, బల్లమీదనే ఉంటున్నది.