ఆ పూట కప్పు టీ దొరికి ఉంటే...

చార్లీ చాప్లిన్ అనగానే మనకి గుర్తొచ్చేవి పొట్టి మీసం, వదులు ప్యాంటు, చేతికర్ర, ఆ వంకర నడక. టీవీలో ఆ బొమ్మ కనబడితే చాలు, పిల్లలు నోట్లో ముద్ద నమలడం కూడా మర్చిపోయి నవ్వుతారు. లోకాన్ని అంతగా నవ్వించిన మనిషి చిన్నతనం చదువుతుంటే మాత్రం మనకి కన్నీళ్లు ఆగవు. 1964లో, డెబ్భై అయిదేళ్ల వయసులో ఆయన తన ఆత్మకథ 'మై ఆటోబయోగ్రఫీ' వెలువరించాడు. అందులో సినిమా కబుర్లు ఎన్ని ఉన్నా, పుస్తకం మూసేశాక మనసులో నిలిచిపోయేది ఆయన తల్లి హన్నా.

చాప్లిన్ 1889లో లండన్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ స్టేజీ మీద పాటలు పాడేవాళ్లే. తండ్రి తాగుడికి బానిస. చార్లీకి ఊహ తెలిసేటప్పటికే వాళ్లు విడిపోయారు. చార్లీ, వాడికన్నా నాలుగేళ్లు పెద్దయిన అన్న సిడ్నీ, ఇద్దరి భారమూ తల్లి మీదే పడింది. ఆమెకున్న ఆస్తల్లా గొంతు. అది కూడా పాడైపోసాగింది.

ఒకరోజు సైనికుల ముందు పాడుతుంటే గొంతు జీరపోయింది. జనం గోల మొదలుపెట్టారు. మేనేజరు అయిదేళ్ల చార్లీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్టేజీ మీద నిలబెట్టాడు. వాడు పాడుతుంటే డబ్బులు విసిరారు. వాడు పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానన్నాడు! అందరూ ఒకటే నవ్వు. ఆ రాత్రి కొడుకు మొదటిసారి స్టేజీ ఎక్కాడు. తల్లికి అదే ఆఖరిసారి అయింది.

ఆ తర్వాత ఆమె కుట్టుపని పట్టుకుంది. తన పాత వెల్వెట్ జాకెట్టుని సిడ్నీకి కోటుగా మార్చింది. తన ఎత్తు మడమల జోళ్లు కోసి వాడికే జోళ్లు చేసింది. స్టేజీ మీద వేసుకున్న ఎర్ర మేజోళ్లు కత్తిరించి చార్లీకి తొడిగింది. బళ్లో పిల్లలు ఏడిపించేవారట. ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది, ఉన్నదాంట్లోనే కదా గడపాలి! చివరికి వాయిదాలు కట్టలేక కుట్టుమిషను కూడా పోయింది. ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరారు. అంటే దిక్కులేని వాళ్లకి తిండి పెట్టి పని చేయించుకునే చోటు. అక్కడ తల్లిని ఒకవైపు, పిల్లల్ని ఒకవైపు ఉంచేవారు.

పిల్లల్ని చూడకుండా ఉండలేక ఆమె ఒక ఉపాయం చేసింది. మేం వెళ్లిపోతున్నామని చెప్పి, ఇద్దర్నీ తీసుకుని బయటికొచ్చేసింది. సిడ్నీ దగ్గర దాచుకున్న తొమ్మిది పెన్నీలు ఉన్నాయి. వాటితో కాసిని చెర్రీ పళ్లు కొనుక్కుని పార్కులో కూర్చున్నారు. కాగితం ఉండ చుట్టి బంతాట ఆడుకున్నారు. మధ్యాహ్నం ఒక కేకు, ఒక చేప, రెండు కప్పుల టీ తీసుకుని ముగ్గురూ పంచుకున్నారు. సాయంత్రం మళ్లీ వెళ్లి వర్క్‌హౌస్‌లోనే చేరారు. అక్కడివాళ్లు చిరాకుపడితే పడ్డారు, ఒక్క పూట ఆమె తన పిల్లలకి తల్లిగా బతికింది.

ఇంత లేమిలోనూ ఆమె పిల్లలకి ఇచ్చింది ఒకటుంది. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వెళ్లేవాళ్లని చూస్తూ, వాళ్ల నడక, మొహం, చేతులు తిప్పడం అచ్చం అలాగే చేసి చూపించేది. ఆ మనిషి ఇంట్లో ఏం గొడవపడి వస్తున్నాడో కూడా ఊహించి చెప్పేదట. నటన తనకి అమ్మ దగ్గరే వచ్చిందని చాప్లిన్ రాసుకున్నాడు. ఆయన సినిమాల్లో మాట లేకుండానే మనిషి కష్టం మనకి తెలిసిపోతుందంటే, ఆ బడి ఆ కిటికీయే.

1903లో చార్లీకి పద్నాలుగేళ్లు. సిడ్నీ ఓడ మీద పనికి వెళ్లాడు. ఒకరోజు చార్లీ ఇంటికొస్తే, మీ అమ్మకి పిచ్చెక్కిందన్నారు వీధి పిల్లలు. ఆమె ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల పుట్టినరోజు కానుక అంటూ బొగ్గుముక్కలు పంచిపెట్టిందట. చూసిన డాక్టరు, సరైన తిండి లేక ఇలా అయిందన్నాడు. నీరసంతో తూలుతున్న తల్లిని నడిపించుకుంటూ ఆ పసివాడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కణ్ణించి ఆమెని మానసిక వైద్యశాలకి పంపారు. అన్న వచ్చేదాకా వాడు ఆ గదిలో ఒంటరిగా, ఇంటావిడ కంటపడకుండా తప్పించుకుంటూ గడిపాడు. తర్వాత ఇద్దరూ వెళ్లి చూస్తే, ఆ మధ్యాహ్నం నువ్వు నాకు కాస్త టీ ఇచ్చి ఉంటే నేను బాగానే ఉండేదాన్ని, అందట తల్లి. ఆ మాట ఆయన్ని ఎంతో కాలం వెంటాడింది.

నన్నూ వెంటాడుతోంది. ఆమె చేతిలో బొగ్గుముక్కలు అందరూ చూశారు. ఆమె ఖాళీ కడుపు ఎవరూ చూడలేదు. మా పక్కవాటా ఆవిడ ఒకప్పుడు రెండ్రోజులకోసారి టీపొడి అప్పడిగేది. తిరిగి ఇవ్వదని విసుక్కుంటూ ఇచ్చేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్లింట్లో చాలా పూటలు ఆ టీయే భోజనమని. అడిగినప్పుడు ఆవిడ మొహం ఒక్కసారైనా సరిగ్గా చూశానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

చాప్లిన్ 1914లో సినిమాల్లోకి వచ్చాడు. 1921లో తల్లిని అమెరికా రప్పించి, సముద్రం దగ్గర ఇల్లు తీసుకుని, నర్సుని పెట్టి చూసుకున్నాడు. అదే ఏడాది వచ్చిన 'ది కిడ్' సినిమాలో, అనాథాశ్రమం వాళ్లు పసివాణ్ణి లాక్కుపోతుంటే పెంచినవాడు ఇళ్ల కప్పుల మీంచి పరిగెత్తి వెళ్లి దక్కించుకుంటాడు. హన్నా 1928లో కన్నుమూసింది.

ఈసారి ఆ సినిమా చూస్తే, పిల్లాణ్ణి హత్తుకునే ఆ చేతులని గమనించండి. నాకైతే అక్కడ హన్నాయే కనిపించింది.