కదిలే పట్టామీద విమానము లేవగలదా?

హైదరాబాదు నగరములో రాంనగర్‌కు వాయవ్య దిశగా ఆరేడు కిలోమీటర్ల దూరమున బేగంపేట విమానాశ్రయము ఉన్నది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ తన డకోటా విమానములను ఇక్కడినుండే నడిపేది. 1953లో ఆ సంస్థ జాతీయము చేయబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచేవరకు నగరమునకు వచ్చిపోయే ప్రయాణికుల విమానములకు బేగంపేటయే ఆధారము.

అక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా మూడు కిలోమీటర్లకు పైగా సాగి ఉన్నది. ఆ బాటను తీసివేసి, అంత పొడవు, అంత వెడల్పు గల రబ్బరు పట్టాను అక్కడ అమర్చినామని ఊహించుకొందాము. వ్యాయామశాలలోని ట్రెడ్‌మిల్లువలె ఆ పట్టా కదలగలదు. దానిమీద ఒక డకోటాను పడమటి ముఖముగా నిలిపినాము. విమానము పడమటికి ఎంత వేగముతో కదిలితే, పట్టా తూర్పునకు సరిగా అంతే వేగముతో జరుగుతుంది. అప్పుడు విమానము గాలిలోకి లేస్తుందా? లేక చక్రములు గిరగిర తిరుగుతుండగా నిలిచినచోటనే నిలిచిపోతుందా?

భౌతికశాస్త్రము చదివినవారు కూడా రెండు పక్షములుగా చీలి వాదించుకొనే ప్రశ్న ఇది. దీనిని విప్పుటకు పెద్ద గణితము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో నేర్చుకొనే న్యూటన్ సూత్రములు చాలును. ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒక్కటే: కదిలే వస్తువు దేనిని వెనుకకు నెట్టి తాను ముందుకు పోతున్నది?

దేనిని నెడితే అదే నెడుతుంది

మనిషి నడిచేటప్పుడు పాదముతో నేలను వెనుకకు నెడతాడు. నేల అతనిని ముందుకు నెడుతుంది. ఇదే న్యూటన్ మూడవ సూత్రము. రాంనగర్‌కు సమీపమునగల ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ మెట్రో స్టేషనులో ఎస్కలేటర్లు ఉన్నవి. కిందికి దిగుతున్న మెట్లమీద ఒకడు పైకి ఎక్కబోయినాడనుకొందాము. ప్రమాదకరమైన ఈ పనిని చేసి చూడనక్కరలేదు, ఊహించుకొంటే చాలును. అతని పాదములు నెట్టేది ఆ మెట్లనే. మెట్లు దిగే వేగము, అతడు మెట్లమీద ఎక్కే వేగము సమానమైతే, ఎంత శ్రమపడినా అతడు ఉన్నచోటనే ఉంటాడు.

మోటారుకారు సంగతీ ఇంతే. ఇంజను చక్రములను తిప్పుతుంది. చక్రములు రోడ్డును వెనుకకు నెడతాయి. రోడ్డుకు బదులు వెనుకకు పోయే పట్టా ఉంటే, కారు పట్టామీద గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుతున్నా పక్కన నిలబడినవారికి కదలనట్లే కనబడుతుంది.

విమానము లేవదు అనేవారు ఈ పోలికనే మనసులో ఉంచుకొంటారు. మనిషికి, కారుకు సరిపోయిన తర్కము విమానమునకూ సరిపోవునని వారి భావము. చిక్కంతా అక్కడనే ఉన్నది.

విమానపు చక్రములను తిప్పేది ఎవరు?

నేలమీద పరుగెత్తే విమానమును చూచినప్పుడు దాని ఇంజను చక్రములను తిప్పుచున్నట్లు తోచవచ్చు. నిజమునకు ఇంజనుకు, చక్రములకు ఏ సంబంధమూ లేదు. డకోటాకు రెండు ఇంజనులు; అవి రెక్కలకు బిగించిన ప్రొపెల్లర్లను మాత్రమే తిప్పుతాయి. ప్రొపెల్లరు గాలిని వెనుకకు నెడుతుంది; గాలి విమానమును ముందుకు తోస్తుంది. జెట్ ఇంజనూ గాలినే ముందునుండి పీల్చి వెనుకకు చిమ్ముతుంది. విమానము ముందుకు పోతున్నది కనుక చక్రములు దొర్లుతాయి. చక్రములు దొర్లుటవలన విమానము ముందుకు పోదు. బండికి ఎద్దు ఎట్టిదో విమానమునకు ఇంజను అట్టిది. బండిచక్రము తనంత తాను దేనినీ లాగదు. లాగుతున్న బండికింద తేలికగా దొర్లుటయే దాని పని.

కనుక పట్టా వెనుకకు జరిగితే చక్రములు మరింత వేగముగా తిరుగుతాయి, అంతే. విమానము గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పడమటికి పోతూ, పట్టా అంతే వేగముతో తూర్పునకు పోతుంటే, చక్రముల అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగముతో తిరుగుతుంది. విమానము మాత్రము చుట్టూ ఉన్న గాలిలో 100 కిలోమీటర్ల వేగముతోనే ముందుకు పోతుంది. రెక్కలు ఆ గాలిని కిందికి మళ్ళిస్తాయి. గాలి రెక్కలను పైకి ఎత్తుతుంది. రెక్కలకు తెలిసినది గాలివేగమే. కింద చక్రములు ఎంత వేగముగా తిరుగుతున్నవో వాటికి పట్టదు. కాబట్టి విమానము లేస్తుంది.

కొంచెము లెక్క

పట్టా విమానమును బొత్తిగా వెనుకకు లాగదా అని విద్యార్థి అడుగవచ్చు. లాగుతుంది. ఇరుసుల దగ్గరి ఘర్షణ, టైర్ల నలుగుడు వలన కొంత నిరోధము ఉంటుంది. అది ఎంతో చూద్దాము.

70 టన్నుల జెట్ విమానమును తీసికొందాము. ఇంజనుల తోపుడు బలము 2,00,000 న్యూటన్లు అనుకొందాము. చక్రములు దొర్లునప్పటి నిరోధము విమానపు బరువులో నూటికి ఒకటిన్నర వంతు అనుకొంటే, అది సుమారు 10,000 న్యూటన్లు. మిగిలిన 1,90,000 న్యూటన్ల బలమును 70,000 కిలోగ్రాములతో భాగిస్తే త్వరణము సెకనుకు సెకనుకు 2.7 మీటర్లు వస్తుంది. విమానము లేచుటకు సెకనుకు 75 మీటర్ల వేగము, అనగా గంటకు 270 కిలోమీటర్లు, కావలెననుకొందాము. గాలి నిరోధమును లెక్కలో చేర్చకపోతే, స్థిరమైన రన్‌వేమీద ఆ వేగము అందుకొనుటకు 28 సెకనులు, 1,040 మీటర్ల దూరము పట్టును.

దొర్లుడు నిరోధము వేగముతోపాటు అంతగా పెరగదు. అయినను ఎదుటిపక్షమువారి తృప్తికొరకు, కదిలే పట్టామీద అది రెట్టింపై 20,000 న్యూటన్లు అయినదనుకొందాము. అప్పుడు త్వరణము 2.57 అవుతుంది. విమానము 29 సెకనులలో, సుమారు 1,090 మీటర్లు పరుగెత్తి లేస్తుంది. పట్టా చేయగలిగిన ఆటంకమంతా ఒక్క సెకను, 50 మీటర్లు!

అయితే ఇంజనీరు ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తాడు. ఇట్టి విమానము లేచు సమయానికి చక్రముల అంచువేగము గంటకు 540 కిలోమీటర్లు అవుతుంది. పెద్ద జెట్ విమానముల టైర్లను సాధారణముగా గంటకు 360 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు తయారుచేస్తారు. కాబట్టి టైర్లు పగిలినా పగలవచ్చును. నెమ్మదిగా లేచే డకోటావంటి విమానమునకు ఆ భయము చాలా తక్కువ.

షరతు మారితే

కొందరు ప్రశ్నను వేరొక విధముగా అడుగుతారు: పట్టా వేగము విమానపు వేగముతో కాక, చక్రపు అంచువేగముతో ఎల్లప్పుడు సమానముగా ఉండవలెనట! చక్రము జారకుండా దొర్లుతున్నప్పుడు, చక్రపు అంచువేగము విమానపు వేగము, పట్టా వేగముల మొత్తమునకు సమానము. అంచువేగమూ పట్టా వేగమూ ఒకటే కావలెనంటే విమానపు వేగము సున్న కావలసినదే. అనగా ఆ షరతులోనే "విమానము కదలరాదు" అన్న సమాధానమును ముందుగా దాచి ఉంచినారన్నమాట.

అటువంటి పట్టాను నిజముగా చేయవచ్చునా? చక్రములను అంతకంతకు వేగముగా తిప్పుటకు బలము కావలెను గనుక, పట్టా నిరంతరము త్వరణము పొందుతుంటే చక్రములద్వారా విమానమును వెనుకకు లాగగలదు. చక్రములన్నిటి ద్రవ్యరాశి 1,000 కిలోగ్రాములనీ, అది అంతా అంచునే ఉన్నదనీ అనుకొంటే, 2,00,000 న్యూటన్ల తోపును ఆపుటకు పట్టాకు సెకనుకు సెకనుకు 200 మీటర్ల త్వరణము కావలెను. పది సెకనులు గడిచేసరికి దాని వేగము సెకనుకు 2,000 మీటర్లు, అనగా ధ్వనివేగమునకు ఆరురెట్లకు సమీపము! అంతకు ముందే టైర్లు తునకలవుతాయి. కాబట్టి వాదనకు దిగే ముందు షరతు ఏమిటో స్పష్టముగా చెప్పుకొనుట మంచిది. సగము తగవులు అక్కడనే తీరిపోతాయి.

గాలివేగమే ముఖ్యము

రెక్కలకు గాలివేగమే ప్రధానమనుటకు నిదర్శనములు మన పరిసరములలోనే ఉన్నవి. బేగంపేట రన్‌వే ఒక చివర 09 అనీ, మరొక చివర 27 అనీ అంకెలు ఉంటాయి. అవి 90, 270 డిగ్రీల దిక్కులకు, అనగా తూర్పు పడమరలకు గుర్తులు. విమానములు వీలైనంతవరకు ఎదురుగాలిలోకి లేస్తాయి. గంటకు 30 కిలోమీటర్ల పడమటి గాలి వీస్తుంటే, పడమటికి లేచే విమానము నేలమీద అందుకోవలసిన వేగము అంతమేరకు తగ్గుతుంది.

విమానవాహక నౌకలు విమానములను వదిలేటప్పుడు ఎదురుగాలిలోకి తిరిగి వేగముగా సాగుట కూడా ఇందుకే. విశాఖపట్నము కేంద్రముగాగల తూర్పు నౌకాదళమునకు 1971 యుద్ధములో విక్రాంత్ నౌక పనిచేసినది. బాయిలరు ఒకటి పగుళ్ళు పట్టి ఉండుటచే ఆ నౌక పూర్తి వేగమును అందుకోలేకపోయినది. గాలి పడిపోయినప్పుడు దానిమీదినుండి అలిజే విమానములను ఎగురవేయుట కష్టమైనది. నౌక వేగము తగ్గుట అంటే రెక్కలకు అందే గాలి తగ్గుటయే గదా!

చేసి చూచిన పరీక్ష

ఈ ప్రశ్నను అమెరికాలోని మిత్ బస్టర్స్ అను టెలివిజన్ కార్యక్రమమువారు నిజముగానే పరీక్షించినారు. 2008 జనవరిలో ప్రసారమైన ఆ పరీక్షలో పొడవైన గుడ్డపట్టామీద ఒక చిన్న తేలిక విమానమును నిలిపి, పట్టాను పికప్ ట్రక్కుతో వెనుకకు లాగించినారు. విమానమును నడిపినవాడు కూడా అది లేవదనే తలచినాడు. కాని విమానము మామూలుగానే పరుగెత్తి గాలిలోకి లేచినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ సంగతిని బల్లమీదనే చూపవచ్చును. చక్రములు స్వేచ్ఛగా తిరిగే బొమ్మకారు, పొడవైన కాగితపు పట్టీ, దారము, సున్నితమైన స్ప్రింగుత్రాసు ఉంటే చాలును. కారును పట్టీమీద పెట్టి, దాని ముందుభాగమును దారముతో త్రాసుకు కట్టవలెను. పట్టీని వెనుకకు ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగముగా, కుదుపులేకుండా లాగవలెను. రెండుసార్లూ త్రాసు చూపే బలము స్వల్పమే. వాటి మధ్య తేడా కూడా అంతగా ఉండదు. ఒక్క ఉదుటున లాగితే మాత్రము క్షణకాలము పెరుగుతుంది. తరువాత చక్రములు తిరగకుండా అంటించివేసి చూడవలెను. బలము ఎంతో పెరుగును. విమానమునకు బ్రేకులు వేసినట్టిది ఈ స్థితి.

చివరగా చక్రములను వదిలి, త్రాసును తీసివేసి, దారమును బల్ల అంచుమీదుగా జారవిడిచి దాని కొనకు చిన్న బరువు కట్టవలెను. పట్టీ వెనుకకు పోతున్నా కారు ముందుకే పోతుంది. ఆ బరువే మన ప్రొపెల్లరు. ఇదే పట్టీమీద బ్యాటరీతో నడిచే బొమ్మకారును పెట్టి, పట్టీని దానికి సమాన వేగముతో వెనుకకు లాగితే అది ఉన్నచోటనే ఉంటుంది. రెండింటికి తేడా ఎందుకు వచ్చినదో విద్యార్థులనే చెప్పమనవలెను.

వారు సరిగా చెప్పగలిగితే వారికి మరొక ప్రశ్న వేయవచ్చును: కృష్ణానది ప్రవాహమునకు ఎదురుగా ఒక పడవను తెడ్లతో నడుపుతున్నారు, మరొక పడవను గట్టుమీద నడిచే మనుషులు తాడుతో లాగుతున్నారు. ఈ రెండు పడవలలో కారువంటిది ఏది? విమానమువంటిది ఏది?