ముఖ నాడికి పునర్నిర్మాణ శస్త్రచికిత్స: కాలమే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

సికింద్రాబాదు: కన్ను మూయుట, పెదవి కదుపుట, నవ్వుట, కనుబొమలు ఎగురవేయుట వంటి ముఖ కదలికలన్నింటికీ మెదడు నుండి ఆజ్ఞలను చేరవేసేది ఏడవ కపాల నాడి. దీనినే ముఖ నాడి అంటారు. ముఖానికి ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున ఉండే ఈ నాడి చెవి వెనుక ఎముకలోని సన్నని మార్గం ద్వారా వెలుపలికి వచ్చి, చెవి ముందున్న లాలాజల గ్రంథిలో 5 ప్రధాన శాఖలుగా విడిపోతుంది. రోడ్డు ప్రమాదాలు, కత్తి గాయాలు, చెవి వ్యాధులు, గ్రంథిలోని కణుతులు, కుష్ఠువ్యాధి మొదలైన కారణాల వలన ఈ నాడి దెబ్బతిన్నప్పుడు ముఖంలో ఒక వైపు కదలిక నశిస్తుంది. దెబ్బతిన్న నాడిని సరిచేసి కదలికను తిరిగి తెచ్చే శస్త్రచికిత్సలు నేడు అందుబాటులో ఉన్నాయి. అయితే రోగి ఎంత త్వరగా నిపుణుల వద్దకు చేరాడన్న దానిపైనే వాటి ఫలితం ప్రధానంగా ఆధారపడి ఉంటుంది.

అందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు

అకస్మాత్తుగా మూతి వంకర పోయిన వారిలో అధిక భాగం బెల్స్ పాల్సీ అనే రుగ్మతకు గురైనవారే. వీరిలో సుమారు 70 శాతం మంది క్రమేణా పూర్తిగా కోలుకుంటారు. 72 గంటలలోగా స్టెరాయిడ్ మందులు ప్రారంభిస్తే కోలుకునే అవకాశం మరింత పెరుగుతుంది. మెదడుకు సంబంధించిన పక్షవాతంలో సాధారణంగా నుదుటి కదలిక నిలిచి ఉంటుంది. ముఖ నాడి దెబ్బతిన్నప్పుడు నుదురు సైతం కదలదు. ఏది ఏమైనను ఈ తేడాను వైద్యులే నిర్ధారించాలి. పసర్లు, పట్లతో కాలయాపన చేయరాదు.

తెగిన నాడిని కలుపుట

గాయం వలన నాడి తెగినప్పుడు 72 గంటలలోగా శస్త్రచికిత్స జరపడం ఉత్తమం. ఆ వ్యవధిలో తెగిన నాడి చివరి భాగం విద్యుత్ ప్రేరణకు ఇంకా స్పందిస్తుంది గనుక దానిని గుర్తించడం సులభమవుతుంది. సూక్ష్మదర్శిని సహాయంతో, తల వెంట్రుక కంటె సన్నని దారంతో రెండు కొసలను కలుపుతారు. మధ్యలో ఖాళీ ఏర్పడితే పిక్క నుండి గాని, మెడ నుండి గాని స్పర్శ నాడి ముక్కను తీసి అతుకుతారు.

అతికిన నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది. అనగా 10 సెంటీమీటర్ల దూరం సాగడానికే మూడు నెలలకు పైగా పడుతుంది. మరోవైపు నాడి సంబంధం కోల్పోయిన ముఖ కండరాలు సాధారణంగా 12 నుండి 18 నెలలలో శాశ్వతంగా క్షీణిస్తాయి. ఆ గడువు దాటిన తరువాత నాడిని మాత్రమే కలిపినందున ప్రయోజనం ఉండదు.

ఇతర మార్గాలు

మూల నాడి ఉపయోగపడని స్థితిలో, కండరాలు ఇంకా సజీవంగా ఉంటే, నమిలే కండరానికి చెందిన నాడిని గాని, నాలుకను కదిపే నాడిలో కొంత భాగాన్ని గాని ముఖ నాడికి కలుపుతారు. ఆరోగ్యవంతమైన వైపు నుండి నాడి అతుకును పెదవి మీదుగా రెండవ వైపునకు తీసుకొని వెళ్ళే పద్ధతి కూడా ఉన్నది.

కండరాలు క్షీణించిన వారికి తొడ లోపలి భాగంలోని గ్రాసిలిస్ అనే సన్నని కండరాన్ని రక్తనాళాలతో, నాడితో సహా చెంపకు మార్చుతారు. ఈ విధానాన్ని 1976లో జపాన్ వైద్యుడు హరీ, ఆయన సహచరులు ప్రకటించారు. శస్త్రచికిత్స అనంతరం అద్దం ముందు చేసే ఫిజియోథెరపీ వ్యాయామాలు నెలల తరబడి కొనసాగించాలి. కదలిక మెరుగుపడినప్పటికీ ముఖం పూర్వస్థితికి యథాతథంగా రావడం అరుదు.

కంటికి రక్షణ ముఖ్యం

రెప్ప మూతపడకపోతే నల్లగ్రుడ్డు ఎండి, పుండుపడి చూపు పోయే ప్రమాదం కలదు. అందువలన నాడి చికిత్సకు ముందే చుక్కల మందు, రాత్రివేళ కంటికి కట్టు వంటి జాగ్రత్తలు ప్రారంభించాలి. పై రెప్పలో చిన్న బంగారు బిళ్ళను అమర్చి రెప్ప దిగేటట్లు చేయవచ్చును.

కుష్ఠు రోగులలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. స్పర్శ కూడా కోల్పోయినందున కంటిలో నలుసు పడినా వారికి తెలియదు. కణత వద్ద ఉన్న నమిలే కండరాన్ని రెప్పలకు కలిపే శస్త్రచికిత్స అనంతరం, రోగి పళ్ళు బిగించి కన్ను మూయడం నేర్చుకుంటాడు. కుష్ఠు రోగుల పునర్నిర్మాణ శస్త్రచికిత్సలకు 1940వ దశకం చివరిలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ బాట వేశారు. జంటనగరాల పరిధిలో రాణి కుముదినీ దేవి చొరవతో 1958లో కూకట్‌పల్లిలో ఏర్పడిన శివానంద పునరావాస కేంద్రం కుష్ఠు బాధితుల సేవలో పేరుగాంచింది. దేశంలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం 2005లో జాతీయ స్థాయిలో సాధించబడినప్పటికీ కొత్త కేసులు నమోదవుతూనే ఉన్నాయి.

సకాలంలో పంపడమే కర్తవ్యం

గాంధీ వైద్య కళాశాల 1954లో ప్రారంభమైనది. దాని బోధనాసుపత్రి అయిన గాంధీ ఆసుపత్రి 2003లో సికింద్రాబాదు సమీపంలోని ముషీరాబాద్ ప్రాంగణానికి తరలి వచ్చినది. ఇటువంటి బోధనాసుపత్రులకు రోగులను పంపేటప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు గాయం జరిగిన తేదీ, సమయం తప్పక నమోదు చేయాలి. కదలికను 1 నుండి 6 శ్రేణులుగా గుర్తించే హౌస్-బ్రాక్‌మన్ కొలమానం ప్రకారం స్థితిని వ్రాసి పంపితే తదుపరి మార్పును పోల్చి చూడవచ్చును. ముఖంపై గాయానికి కుట్లు వేయుటకు ముందే రోగిని కన్ను మూయమని, పళ్ళు చూపమని అడిగి పరీక్షించాలి. వాపు తగ్గిన తరువాత చూద్దామనుకొంటే తొలి 72 గంటలు గడచిపోతాయి. ఆరోగ్యశ్రీ పరిధిలోకి వచ్చే చికిత్సల వివరాలను ఆసుపత్రులలోని ఆరోగ్యమిత్రల నుండి తెలుసుకోవచ్చును.

మూతి వంకర పోవడం శాపమో, తప్పనిసరి వైకల్యమో కాదని, చికిత్సకు గడువు మాత్రం ఉన్నదని ప్రజలకు తెలియజేయడంలో పత్రికలు, ప్రసార మాధ్యమాలు, క్షేత్రస్థాయి సిబ్బంది ప్రముఖ పాత్ర వహించవలసి ఉన్నది.